చేపలతొట్టి మోటారు

ఆ గురువారం పొద్దున్న పదిన్నరకి, అత్తగారి బెడ్‌పాన్ కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి ఇంట్లో ఏదో తక్కువైనట్టు అనిపించింది ఆమెకి. ఏమిటో వెంటనే తట్టలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అత్తగారు ఎప్పటిలాగే మొహం చేపలతొట్టి వైపు తిప్పుకుని పడుకుని ఉన్నారు.

"మోత ఆగిపోయింది," అన్నారు అత్తగారు, ఇటు తిరక్కుండానే.

తొట్టిలో నీళ్ళు తిప్పే మోటారు ఆగిపోయింది. అద్దానికి లోపల ఓ మూల అంటించి ఉంటుంది అది, పిడికిలంత. రాత్రీ పగలూ తుమ్మెదలా మోగుతూ ఉంటుంది. ఐదేళ్ళుగా విని విని ఎవరికీ వినపడని మోత. ఆగితే గానీ అది ఉండేదని తెలియలేదు.

ఐదు వారాల కిందట అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది, ఆ కాలి మీద బరువు మోపడానికి ఇంకో నెలన్నా పడుతుందని మొన్న చూసినప్పుడు అన్నాడు డాక్టరు. ఆవిడ గది మరీ ఇరుకని చక్రాల మంచం అద్దెకి తెచ్చి హాల్లో వేశారు. ఆమె తను పనిచేసే చోట ఐదువారాల సెలవు పెట్టింది. ఊరి నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని ఆమెది. ఏ పేట కుళాయి నీళ్ళలో ఏముందో సీసాలు చూసి చెప్పాలి. పదకొండేళ్ళుగా చేస్తోంది.

మొదటిరోజు బెడ్‌పాన్ పెట్టినప్పుడు అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఎవరినీ ఒక గ్లాసు మంచినీళ్ళు అడిగి తాగని మనిషి. కోడలి చేత కడిగించుకోవడం ఆవిడకెంత కష్టమో ఆమెకి అర్థమైంది గానీ, ఏమనాలో తెలియలేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఇద్దరి మధ్యా పోట్లాటా లేదు, చనువూ లేదు. కొత్తగా వచ్చిన వారంలోనే "మా ఇంట్లో ఇల్లు కనపడాలి, ఇంటిపని కనపడకూడదు," అన్నారు అత్తగారు. అప్పటినుంచీ కనపడకుండానే చేసుకుపోతోంది ఆమె. రెండోరోజు నుంచి ఆవిడ కళ్ళు మూసుకోవడం మాని, చేపల వైపు తిరిగేవారు. ముఖ్యంగా ఒక ముసలి బంగారుచేప, ఒక కన్ను మసకబారినది, ఇద్దరిలో ఒకరికి సిగ్గుగా ఉన్నప్పుడల్లా కనిపెట్టినట్టు అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. ఆ కాసేపూ అత్తగారు దాన్ని చూస్తారు, ఆమె తన పని చూసుకుంటుంది. అలా కుదిరింది ఇద్దరికీ.

ఇప్పుడు ఆ చేప పైకి తేలి, నీటి అంచున నోరు తెరిచి మూస్తోంది. మిగతావీ ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి.

గోడకి బిగించిన కంట్రోలర్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. మోటారు జోరు పెంచాలన్నా తగ్గించాలన్నా దాని మీటలే నొక్కాలి, లేదా భర్త ఫోనులో ఉన్న యాప్‌లోంచి చెప్పాలి. ఆమె మీట నొక్కింది. అంకె మూడు నుంచి నాలుగుకి మారింది. అయిదయింది. ఎనిమిదయింది. మోటారు మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

భర్తకి ఫోన్ చేసింది.

"యాప్‌లో కూడా స్పందించట్లేదని చూపిస్తోంది," అన్నాడు అతను. చుట్టూ ఆఫీసు గోల. "నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"లేదండీ."

"ముట్టుకోకు. అది మామూలు మోటారు కాదు, దాన్లో ప్రోగ్రామ్ ఉంటుంది. ఆదివారం కంపెనీ మనిషిని పిలుస్తాను."

"ఆదివారం దాకా ఇవి బతకవు. ఇప్పటికే పైకొచ్చేస్తున్నాయి."

"ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుందిలే. ఆ, అన్నట్టు, ఉత్తరం పంపావా? ఐదింటిలోగా పంపెయ్యి, మరిచిపోతావు."

ఉత్తరం అంటే రాజీనామా. సెలవు రేపటితో అయిపోతుంది. సోమవారం వస్తుందో రాదో ఇవాళ ఐదింటిలోగా చెప్పమంది ల్యాబు మేడమ్. ముందురోజే భర్త ఆమె ఫోనులో తనే మర్యాదగా, తప్పుల్లేకుండా టైపు చేసి పెట్టాడు. "ఇంట్లో మనిషుండగా బయటి మనిషెందుకు? అమ్మకీ ఇబ్బంది. నువ్వు నొక్కడమే తరువాయి," అన్నాడు. కోపంగా అనలేదు. అతనెప్పుడూ కోపంగా అనడు. మంచివాడని అందరూ అంటారు, నిజమే. చేపలంటే అతనికి ప్రాణమని కూడా అంటారు. చుట్టాలొస్తే తొట్టి ముందు కుర్చీలు వేయించి ఏ చేప ఏ జాతిదో చెబుతాడు. వారం వారం బకెట్లతో నీళ్ళు తోడి, ఎత్తి, పోసేదీ, అద్దానికి పట్టిన పాచి గీకేదీ ఆమె. సొమ్మొకడిది, సోకొకడిది.

మోటారు పెట్టె మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. అవతల మగగొంతు ఎంతో మర్యాదగా పలికింది. "సమస్య చెప్పండి మేడమ్... సరే... ఇంట్లో సార్ లేరా అండి? సార్ వచ్చాక ఒకసారి చేయించండి, కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది."

"సార్‌కి ఈ తొట్టి మూత ఎటునుంచి తెరుచుకుంటుందో కూడా తెలియదండీ," అందామనుకుంది. అనలేదు. ఫోను పెట్టేసి, వంటింట్లోంచి చెంబు తెచ్చి, తొట్టిలో నీళ్ళు ముంచి ఎత్తునుంచి అందులోకే పోయడం మొదలుపెట్టింది. నీళ్ళు అలా పడితే గాలి కలుస్తుందని ఆమెకి తెలుసు. ముంచడం, పోయడం. ముంచడం, పోయడం. చేప కిందికి దిగింది. చెంబు ఆపగానే మళ్ళీ పైకి వచ్చింది. ఇంకో నెల ఇక్కడే, ఇలాగే. ఆ తర్వాత ఇంకో కారణం వస్తుంది. కారణాలకేం, వానాకాలపు చెదల్లా పుట్టుకొస్తూనే ఉంటాయి. చెయ్యి లాగుతోంది. ఎన్ని చెంబులయ్యాయో, అరగంట గడిచింది.

"ఎంతసేపు పోస్తావు అట్లా?" అన్నారు అత్తగారు.

"వేరే దారి లేదత్తయ్యా. కంపెనీ మనిషి ఆదివారం వస్తాడట."

అత్తగారు మోటారున్న మూల వైపు చూశారు. తర్వాత, ఏదో తప్పు ఒప్పుకుంటున్న మనిషిలా, "నా మంచం దాని దగ్గరికి తొయ్యి," అన్నారు.

ఆమె చక్రాల తాళం తీసి మంచాన్ని అద్దం దాకా తోసింది. అత్తగారు కుడి అరచెయ్యి చాపి, లోపల మోటారున్న చోట బయటినుంచి అద్దం మీద ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నట్టు.

"బతికే ఉంది," అన్నారు. "నాలుగు సెకన్లకోసారి తన్నుకుంటోంది. తిరగాలని చూస్తోంది, ఏదో పట్టేస్తోంది. లోపల చుట్టిన తీగ, కాయిలు, కాలిపోతే ఇట్లా కొట్టుకోదు. చచ్చినట్టుంటుంది."

ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమిటమ్మాయ్ చూస్తావు? ప్లగ్గు పీకెయ్. స్విచ్చి ఆపితే చాలదు, పీకాలి. స్విచ్చిని నమ్మినవాళ్ళు చాలామందే పోయారు."

ప్లగ్గు పీకింది. మోటారుని అద్దం మీంచి ఊడదీసి పాత తువ్వాలు మీద పెట్టింది. పైనున్న జాలీమూత ఎటు తిప్పాలో తెలియక ఆగిపోతే, అత్తగారు అందుకుని ఒక్క మెలికలో ఊడదీశారు. లోపలనుంచి రోటరుని, రెక్కలున్న చిన్న కడ్డీలాంటి దాన్ని, రెండు వేళ్ళతో బయటికి లాగి కోడలికి చూపించారు. చుట్టూ తెల్లగా సున్నం పేరుకుని ఉంది. రెక్కల సందులో ఆవగింజంత నత్తగుల్ల ఇరుక్కుంది.

"ఉప్పునీళ్ళు కావు కదా ఇవి. ఈ తెలుపంతా ఏమిటి?"

"మన నీళ్ళలో సున్నం ఎక్కువత్తయ్యా. ఈ పేట మొత్తం అంతే, నేనే పరీక్ష చేశాను. వెనిగర్‌లో వేస్తే కరుగుతుంది."

"అయితే తే మరి. నీకు తెలిసింది నువ్వు చెయ్యి, నాకు తెలిసింది నేను చేస్తాను."

వెనిగర్ గిన్నెలో రోటరు బుసబుసా నురగలు కక్కుతుంటే ఇద్దరూ దాని మీదికి వంగి చూశారు. పాత టూత్‌బ్రష్‌తో ఆమె తోముతుంటే అత్తగారు గుండుసూదితో సందుల్లో గీకుతున్నారు. ఆవిడ బొటనవేలి కొసన, చూపుడువేలి పక్కన సన్నటి తెల్లటి గీతలు అడ్డంగా ఉన్నాయి, చాలా పాత మచ్చలు. ఐదు వారాలుగా ఈ చేతులు కడుగుతోంది, గోళ్ళు తీస్తోంది. కూరలు తరిగిన గాట్లనుకుంది.

"అత్తయ్యా, మీకివన్నీ ఎలా తెలుసు?"

"మీ మావగారిది వైండింగ్ షాపు కదా."

అది ఆమెకీ తెలుసు. మావగారు పోయి పదేళ్ళయింది, ఆమె చూడలేదు. కానీ ఆయన కథలు ఈ ఇంట్లో గోడలకి కూడా వచ్చు. కాలిపోయిన మోటార్లకి మళ్ళీ రాగితీగ చుట్టి బతికించేవారనీ, ఆయన చుట్టిన మోటారు పదేళ్ళు తిరిగి చూడక్కర్లేదనీ, ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చేవారనీ భర్త ఎన్నిసార్లు చెప్పాడో.

"చూసి నేర్చుకున్నారా?"

అత్తగారు గుండుసూది ఆపలేదు. "ఆయన నన్ను చూసి నేర్చుకున్నారు. పూర్తిగా రాలేదు, పాపం. ఓపిక తక్కువ."

గిన్నెలో బుస తగ్గింది.

"మా నాన్న నేర్పించాడు నాకు, పెళ్ళికి ముందే. ఆ పనిమీదే ఈ సంబంధం కుదిరింది, నన్ను చూసి కాదు," అని చిన్నగా నవ్వారు. "షాపులో ఆయన కూర్చునేవారు. బేరం మాట్లాడేవారు, విప్పేవారు, బిగించేవారు. చుట్టడం మాత్రం ఇంట్లో. వంట అయ్యాక వెనక వరండాలో కూర్చునేదాన్ని. చుట్టు చుట్టూ లెక్కపెట్టాలి. ఒక్కటి తప్పితే మొత్తం విప్పాలి. ఎవరన్నా పిలిస్తే పలక్కూడదు, లెక్క పోతుంది. పలకదు, పొగరు అనేది మా అత్తగారు."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఆడది చుట్టిందంటే మోటారు ఎవరు తీసుకెళతారన్నారు. నిజమే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు నిజమే అనుకున్నాను."

"ఈయన చూడలేదా? చిన్నప్పుడు?"

"వాడా? నా ఒళ్ళో తల పెట్టుకునే పడుకునేవాడు. రాగితీగ వాడి జుట్టు మీంచి పోకుండా మోకాలు ఇట్లా ఎత్తి పెట్టుకునేదాన్ని. చూశాడు. అమ్మ ఏదో అల్లుకుంటోంది అనుకునుంటాడు. అమ్మ చేసేది పని అని వాడికెవరు చెప్పారు గనక?"

ఆమె చేతిలోని బ్రష్ పక్కన పెట్టింది. ఏదైనా అంటే ఆవిడ మళ్ళీ ముడుచుకుపోతారని భయం వేసి, రోటరుని మంచినీళ్ళలో కడిగి అందించింది. ఇద్దరూ కలిసి మోటారు బిగించారు. నీళ్ళలో పెట్టి ప్లగ్గు పెట్టింది. మోటారు గిర్రున తిరిగింది. చేపలన్నీ ఉలిక్కిపడి చెదిరిపోయాయి. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మోటారు ఆగిపోయింది.

"ఇదేమిటి!"

"తొందరపడకు. మళ్ళీ మీట నొక్కు."

నొక్కింది. అంకెలు మారుతున్నాయి, మోటారు వినడం లేదు. విసుగుతో తీగని లాగబోతే మోటారు ఒక్కసారి మోగి ఆగింది.

"ఆఁ, అక్కడ!" అన్నారు అత్తగారు, మంచం మీంచి లేవబోయినంత పని చేసి. "తీగ కదిపితే పలుకుతోంది. అంటే మోటారులో ఏ దోషమూ లేదిప్పుడు. ఆ గోడమీది పెట్టె చెప్పేది దానికి చేరట్లేదు. అతుకు ఎక్కడుందో చూడు."

మోటారు తీగా కంట్రోలర్ తీగా కలిసే చోట చిన్న జాయింటుంది. అది తొట్టి వెనక, అంచు కిందే వేలాడుతోంది. మళ్ళీ ప్లగ్గు పీకి, బల్ల కిందికి దూరి, జాయింటు ఊడదీసి బయటికి తెచ్చింది. లోపలి పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. మోటారు తీగ పట్టుకుని నీళ్ళు ఒక్కొక్క బొట్టే జారి అందులోకి దిగాయి, ఎన్ని నెలలుగానో. ఆమె గరుకు కాగితం ముక్కతో రుద్ది, గుడ్డతో తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పెట్టి ఆరబెట్టింది. పిన్నులు రాగిరంగుకి వచ్చాయి.

"ఇప్పుడు తీగని తిన్నగా తీసుకెళ్ళకు. ముందు బాగా కిందికి వదిలి, అక్కణ్ణుంచి పైకి తీసుకెళ్ళు. జారే నీళ్ళు ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతాయి, అతుకు దాకా ఎక్కవు. పెట్టినవాడికి ఆ మాత్రం తెలియలేదు," అన్నారు అత్తగారు. పెట్టినవాడు తన కొడుకేనని గుర్తొచ్చి, "పోనీలే, వాడికేం తెలుసు," అన్నారు.

ఈసారి మీట మీద రెండు నొక్కితే రెండు, ఏడు నొక్కితే ఏడు. మోటారు చెప్పినట్టల్లా విన్నది. ముసలి చేప వాలుకి ఎదురుగా నిలబడి తోక ఆడిస్తోంది. ఆమె మంచం పక్కనే నేలమీద చతికిలబడింది. చీర కుచ్చెళ్ళన్నీ తడి, చేతులు వెనిగర్ కంపు. అత్తగారు చెయ్యి చాపి ఆమె నుదుటికి అంటిన జుట్టు వెనక్కి తోశారు. పెళ్ళయ్యాక ఆవిడ ఆమెని అలా ముట్టుకోవడం అదే మొదలు.

"అమ్మాయ్, నీ ల్యాబులో నీ పేరు ఎక్కడన్నా రాస్తారా?"

"రాస్తారత్తయ్యా. ప్రతి రిపోర్టు కింద నేనే సంతకం పెట్టాలి. నా సంతకం లేకపోతే ఆ కాగితం చెల్లదు."

"ఎన్ని పెట్టుంటావు?"

"లెక్కలేదు. వేలు."

"వేలు," అన్నారు ఆవిడ, ఆ మాటని నోట్లో కాసేపు ఉంచుకున్నట్టు. "మంచాన పడ్డవాళ్ళకి చెవులుండవనుకుంటారు అందరూ. నాకు మొన్నటినుంచీ అన్నీ వినపడుతున్నాయి. వాడు టైపు చేసి పెట్టిందీ విన్నాను. నా పేరు చెప్పి మానెయ్యకు తల్లీ. నా ఎముక ఇవాళ కాకపోతే రేపు అతుక్కుంటుంది. ఉద్యోగం విరిగితే అతకదు."

"మరి మీకు..."

"ఎవరినన్నా పెడదాం. వాడూ చేస్తాడు. నాకు సిగ్గంటావా, నీ దగ్గరా పడ్డాను కదా సిగ్గు. అదే పోయింది."

మధ్యలో వంటా భోజనాలూ ఎలా అయ్యాయో, అప్పటికి నాలుగు కావస్తోంది. రెండో తరగతి చదివే కూతురు బడినుంచి వచ్చి, సంచీ పడేసి, తొట్టి దగ్గరికి తోసిన మంచాన్నీ, గిన్నెల్నీ, బ్రష్షుల్నీ చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"మోటారు పాడైందా? ఎవరు బాగుచేశారు?"

"మీ అమ్మ," అన్నారు అత్తగారు.

"మీ నానమ్మ," అంది ఆమె, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. ఆ నవ్వు ఆగలేదు. తుంటి కదిలి నొప్పి పుట్టి "అబ్బా, నవ్వించకే," అంటూనే అత్తగారు నవ్వుతున్నారు. పిల్ల మంచమెక్కి కథంతా చెప్పించుకుంది. ఆమె ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. టైపు చేసి ఉన్న ఉత్తరం తెరిచి చివరిదాకా చదివింది. నిజంగానే ఒక్క తప్పు లేదు. తుడిచేసింది. మేడమ్‌కి ఫోన్ చేసి, "సోమవారం వస్తున్నానండీ," అంది. "హమ్మయ్య," అంది మేడమ్. "సీసాలన్నీ నీకోసం బారులు తీరి ఉన్నాయి తల్లీ."

ఆరింటికి భర్త వచ్చాడు. చెప్పులు విప్పుతూనే తొట్టి వైపు చూశాడు, మొహం విప్పారింది.

"చూశావా? నేను చెప్పానా, దానంతటదే సర్దుకుంటుందని!"

ఆమె ఏదో అనబోయేలోగా పిల్ల ఎగురుకుంటూ వెళ్ళి తండ్రి నడుం పట్టుకుంది. "దానంతటదే కాదు నాన్నా! నానమ్మ అద్దం మీద చెయ్యి పెట్టి కనిపెట్టింది. అమ్మ బల్ల కింద దూరింది. నీకు తెలుసా, తాత షాపులో మోటార్లన్నీ నానమ్మే చుట్టేదట! నువ్వు ఒళ్ళో పడుకుని ఉంటే చుట్టేదట!"

అతను నవ్వుతూ తల్లి వైపు చూశాడు, పిల్ల కథలు చెబుతోందనుకుని. తల్లి నవ్వలేదు, కాదనలేదు. నవ్వు అతని మొహం మీదే ఆగి, నెమ్మదిగా చెరిగిపోయింది. మంచం అంచున కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి అందుకుని, బొటనవేలు వెలుతురు వైపు తిప్పి, ఆ గీతల్ని తన వేలితో నిమిరాడు. 

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాలనిపించలేదు. మీ నాన్నని నువ్వంత మురిపెంగా చెప్పుకుంటుంటే."

అతను తల వంచుకున్నాడు. ఆమె అతనికి మంచినీళ్ళ గ్లాసు అందించింది, పక్కనే నిలబడింది. ఈ మాట రేపు చెప్పొచ్చు, ఎల్లుండి చెప్పొచ్చు, అతని మనసు ఇప్పుడు బాగాలేదు అని లోపల ఎప్పుడూ ఉండే గొంతు ఒకటి చెప్పబోయింది. దాన్ని చెప్పనివ్వలేదు.

"సోమవారం నుంచి నేను ల్యాబుకి వెళుతున్నానండీ. మేడమ్‌కి చెప్పేశాను. మధ్యాహ్నం నుంచి ఒకావిడ వస్తుంది, ఇందాకే ఫోన్లో మాట్లాడాను. పొద్దుటిపూట మీరుండాలి. నెలరోజులు."

"నేనా? నాకు... అమ్మకి అవన్నీ నేనెలా..." అని తల్లి వైపు చూశాడు.

"నీకు నేను చెయ్యలేదట్రా?" అన్నారు అత్తగారు. గొంతులో దెప్పిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగారు.

సోమవారం ల్యాబులో ఆమె కోటు తొడుక్కుని, మొదటి సీసా మూత తీస్తుండగా ఫోను మోగింది. పదకొండు దాటింది.

"ఇదిగో, అమ్మకి ఈ పూట ఏ మాత్ర? ఇక్కడ మూడు రకాలున్నాయి. తిన్నాకా, తినకముందా? నువ్వేం రాసి పెట్టలేదు."

ఏ మాత్రో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెల్లది, సగం చేసి, తిన్నాక. నోటిదాకా వచ్చింది. సీసాలో నీళ్ళని వెలుతురుకెత్తి చూస్తూ ఒక్క క్షణం ఆగింది.

"అత్తయ్య ఎదురుగానే ఉన్నారు కదా," అంది మెత్తగా. "ఆవిడనే అడగండి."

అవతల మాత్రల అట్టలు కదిలిన చప్పుడైంది. తర్వాత ఫోనుకి దూరంగా, కొంచెం మొహమాటంగా, అతని గొంతు "అమ్మా, నాకు తెలియదు, నువ్వు చెప్పు," అంది. ఆ వెనకే, తీరిగ్గా, అత్తగారి గొంతు.

"ముందు కూర్చోరా. చెబుతాను."